తుపాకీ పేలితే ఊరంతా లేవాలి

పాచికల పెట్టె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో మా ఇంట్లో ఆదివారాలు జరిగే ఆట గురించి నాలుగు ముక్కలు రాశాను. సరస్సు అడుగున కూలిపోయిన ఆకాశనౌక, ఒడ్డున మంత్రం చదివి వల విసిరే జనం, నౌకలోంచి ఒక్కొక్కటే బయటపడుతున్న తుపాకులు. అంతే రాశాను. వచ్చిన ఉత్తరాలన్నీ తుపాకుల మీదే! నౌక ఎక్కడినుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు. ఆరు నెలలు కూర్చుని రాసుకున్న మంత్రాల సంగతి సరేసరి.

కొత్తవారి కోసం ఒక మాట. ఇది బల్ల చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో ఆడే ఆట. తలా ఒక పాత్ర తీసుకుంటారు. లోకాన్నీ, అందులోని మిగతా మనుషులనూ నడిపేది గేమ్ మాస్టర్. ఆ పని నాది. నేను కాకినాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను కాబట్టి మా బల్ల దగ్గర నన్ను మాస్టారు అనే పిలుస్తారు. ఏ మాస్టారో వాళ్లకే తెలియాలి.

ప్రశ్న: మూడో వారమే మా ఆటలో ఒకడికి తుపాకీ దొరికింది. అప్పటినుంచి కత్తివాడు, మంత్రగాడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటున్నారు. తుపాకీ దెబ్బ తగ్గించాలా? లాక్కోవాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

లాక్కోకు నాయనా. ఇచ్చిన వస్తువును కథలో దొంగను పంపి లాక్కునే గేమ్ మాస్టర్‌ను ఆ తర్వాత ఎవరూ నమ్మరు. నేను ఒకసారి ఆ పని చేశాను. ఆ ఆటగాడు ఇప్పటికీ ఏ పెట్టె దొరికినా ముందు నా మొహం చూస్తాడు.

ముందు లెక్క చూద్దాం. ఈ తరహా ఆటల్లో అందరికన్నా పేరున్న డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పులో, 2014లో వచ్చిన గేమ్ మాస్టర్ల పుస్తకం చివర తుపాకుల పట్టిక ఉంది. దెబ్బ ఎంతో పాచికే తేలుస్తుంది: పొడవాటి విల్లుకు ఎనిమిది ముఖాల పాచిక ఒకటి. పాతకాలపు పిస్తోలుకు పది ముఖాలది, మస్కెట్‌ అనే పాతకాలపు పొడవు తుపాకీకి పన్నెండు ముఖాలది. సగటున చూస్తే విల్లు దెబ్బ నాలుగున్నర, మస్కెట్ దెబ్బ ఆరున్నర. తేడా రెండు పాయింట్లు! పైగా విల్లు 150 అడుగుల దాకా ఇబ్బంది లేకుండా తగులుతుంది. మస్కెట్‌కు ఆ హద్దు 40 అడుగులే. కాబట్టి పాత తుపాకీతో నీ ఆట పాడవదు. అదే పట్టికలో ఇంకా కిందికి వెళ్లు. లేజర్ రైఫిల్‌కు ఎనిమిది ముఖాలవి మూడు, యాంటీమేటర్ రైఫిల్‌కు ఆరు. ఆ ఆరింటి సగటు 27. అయిదో లెవెల్ మంత్రగాడు రోజుకు రెండు మూడు సార్లు మాత్రమే విసరగలిగే అగ్నిగోళం సగటు 28. ఒకరు ప్రతి వంతులోనూ చేసే పనిని ఇంకొకరు రోజంతా దాచుకుని చేస్తున్నారు. అగ్నిగోళం ఒకేసారి పదిమందిని కాలుస్తుంది, నిజమే. అయినా బల్ల దగ్గర కూర్చున్న మంత్రగాడికి ఆ ఓదార్పు చాలదు. మీవాడికి దొరికింది ఏ తుపాకీయో నువ్వు రాయలేదు. నా అనుమానం లేజర్ మీదే.

ఇంకో ఆటలో జరిగింది కూడా చెబుతాను. పాత్‌ఫైండర్ మొదటి కూర్పులో 2011లో తుపాకీ వీరుడి పాత్ర వచ్చింది. అక్కడ దగ్గరనుంచి కాల్చిన గుండుకు కవచం అడ్డు రాదు. వినడానికి న్యాయంగానే ఉంది, ఇనప రేకు గుండును ఆపుతుందా అని. ఆడి చూస్తే, కవచం మీద డబ్బంతా ధారపోసిన వీరుడూ, చొక్కా వేసుకున్న వంటవాడూ గుండు ముందు దాదాపు ఒకటే అయ్యారు. పెద్ద జంతువుల బలమంతా మందపాటి చర్మంలోనే ఉంటుంది, వాటి సంగతి ఇంకా ఘోరం. ఆ నియమాన్ని నేను ఏడాది పాటు మోశాను. కాల్చినప్పుడల్లా గుండు తగిలింది. తగలడం ఖాయమైన చోట పాచిక వేసేటప్పుడు ఎవరూ ఊపిరి బిగపట్టరు.

ఇప్పుడు నేను చేసేది ఒకటే. దెబ్బ తగ్గించను, చప్పుడు పెంచుతాను.

విల్లుకు లేనిది, తుపాకీకి ఉన్నది చప్పుడు. మా ఆటలో ఎవరైనా తుపాకీ కాల్చగానే నేను ఆరు ముఖాల పాచిక వేస్తాను. ఆ ప్రాంతంలో అప్పటికి ఎన్ని గుండ్లు పేలాయో, పాచిక మీద ఆ అంకె గానీ అంతకన్నా చిన్నది గానీ పడితే ఎవరో వస్తారు. మొదటి గుండుకు ఒకటి పడితేనే వస్తారు. మూడో గుండుకు సగానికి సగం. ఆరో గుండుకు పాచిక వేయనక్కరలేదు, ఊరంతా లేస్తుంది. వచ్చేది శత్రువే కానక్కరలేదు. ఒకసారి చప్పుడుకు బెదిరి గేదె తాడు తెంపుకుపోయిందని ఒక ముసలామె వచ్చింది. మావాళ్లు ఆ గేదెను వెతుకుతూ వెళ్లి, నేను నాలుగు వారాలుగా దాచిన నేలమాళిగలో పడ్డారు. ఆ ఆదివారం తర్వాత చీకట్లో కాపలావాడు కనిపిస్తే మావాళ్లు ముందు కత్తివాడి వైపు తిరుగుతున్నారు. గోడకు అవతల మాట్లాడాలంటే మంత్రగాడి వైపు. తుపాకీ నడుముకే ఉంటోంది. మీ కత్తివాడికీ మంత్రగాడికీ ఆ పని దొరికితే గోళ్లు గిల్లుకోవడం ఆగిపోతుంది.

చప్పుడుతో ఇంకో సరదా ఉంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రైఫిల్ గుండు వేగం అంతకన్నా చాలా ఎక్కువ. దూరం నుంచి ఎవరైనా కాల్చినప్పుడు నేను "శబ్దం వినిపించింది" అని మొదలుపెట్టను. "అవతలి గట్టు మీద చిన్న మెరుపు. నీ కాళ్ల దగ్గర బురద చిమ్మింది" అని ఆగిపోతాను. బల్ల మీద వేలితో ఒకటి... రెండు... కొడతాను. అప్పుడు "ఢాం". మొదటిసారి అందరూ బిక్కమొహం వేశారు. రెండోసారి మా ఇంట్లో అందరికన్నా చిన్న ఆటగాడు, తొమ్మిదో తరగతి పిల్లవాడు, "రెండు సెకన్లు, దగ్గర దగ్గర ఏడు వందల మీటర్లు, మన విల్లు అందదు, పరిగెత్తండి!" అని అరిచాడు. తరగతిలో ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను. ఇంత త్వరగా ఎవరికీ ఎక్కలేదు.

ప్రశ్న: తూటాలు లెక్కపెట్టడం మహా విసుగు. బ్యాంకులో రోజంతా లెక్కలే, ఆదివారం కూడానా? వదిలేయవచ్చా?
– బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

కాగితం మీద లెక్క వదిలేయండి. తూటాలు మాత్రం వదలవద్దు. అవి తరగకపోతే తుపాకీ ఉత్త మంత్రదండమే.

మేము చింతపిక్కలు వాడతాం. ఆట మొదట్లో తుపాకీ ఉన్నవారికి వాళ్ల దగ్గర ఉన్నన్ని పిక్కలు లెక్కపెట్టి ఇస్తాను. కాల్చినప్పుడల్లా ఒక పిక్క బల్ల మధ్యలోని స్టీలు గిన్నెలో వేయాలి. టంగుమంటుంది. రాసుకునే పని లేదు, చెరిపే పని లేదు. ఎవరి చేతిలో ఎన్ని మిగిలాయో అందరికీ కనిపిస్తుంది. చివరి రెండు పిక్కలను వేళ్ల మధ్య రుద్దుకుంటూ కూర్చున్న మనిషిని చూస్తే, ఆ పాత్ర ఎంత భయపడుతోందో నేను వర్ణించాల్సిన అవసరం ఉండదు.

పిక్కలు కూడా వద్దంటే, 2016లో వచ్చిన ది బ్లాక్ హాక్ అనే చిన్న ఆటలో ఒక ఉపాయం ఉంది. తూటాల సంచికి ఒక పాచిక, ఎనిమిది ముఖాలది అనుకోండి. వాడినప్పుడు వేస్తారు. ఒకటి గానీ రెండు గానీ పడితే అది ఆరు ముఖాలదవుతుంది, ఆ తర్వాత నాలుగు ముఖాలది, దాని మీదా ఒకటో రెండో పడితే సంచి ఖాళీ. సంచిలో ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు, అడుగంటుతోందని మాత్రం తెలుస్తుంది. మంచి ఉపాయమే. నాకు మటుకు టంగుమనే చప్పుడు కావాలి.

ఇక మందు కూరి కాల్చే పాత తుపాకీ అయితే తూటాలకన్నా సమయం ముఖ్యం. బాగా తర్ఫీదున్న సిపాయి నిమిషానికి మూడు సార్లు కాల్చేవాడంటారు, అంటే ఒక్కో గుండుకు ఇరవై సెకన్లు. ఆటలో ఒక వంతు ఆరు సెకన్లు. నిజం చెప్పాలంటే ఒకసారి కాల్చాక మూడు వంతులు మందు కూరుతూ కూర్చోవాలి. అంత నిజం ఆటకు పనికిరాదు. ఒక వంతు పూర్తిగా కూరడానికి పెడితే చాలు, ఆ లోపల పక్కవాళ్లు తనను కాపాడాలి. వానలో మందు తడిస్తే ఏం జరుగుతుందో దీపావళికి ముసురు పట్టిన ఏడాది ఎవరింట్లోనైనా అడగండి.

ప్రశ్న: ఖైదీ కణతకు పిస్తోలు ఆనించి మా ఆటగాడు బెదిరించాడు. ఖైదీకి 60 హిట్ పాయింట్లు (పడిపోయే ముందు ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే లెక్క) ఉన్నాయి, పిస్తోలుకు పది ముఖాల పాచిక. "కాల్చుకో" అని ఖైదీ నవ్వితే తప్పేముంది? మా బల్ల దగ్గర గంట సేపు వాదన జరిగింది.
– పాఠకుడు, తిరుపతి

గంటేనా? మా దగ్గర రెండు ఆదివారాలు జరిగింది.

హిట్ పాయింట్లు అంటే ఒంట్లో రక్తం కాదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను పుట్టించిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1979 నాటి గేమ్ మాస్టర్ల పుస్తకంలోనే ఈ సంగతి రాశారు. అందులో నేర్పు ఉంది, అదృష్టం ఉంది, ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకునే గుణం ఉంది. కుర్చీకి కట్టేసి ఉన్న మనిషి ఎటు తప్పుకుంటాడు? కాబట్టి మా బల్ల దగ్గర, కదలలేని మనిషికి గొట్టం ఆనించి ఉంటే పాచికలు లేవు. నేను ఒకే మాట అడుగుతాను: "నొక్కితే చనిపోతాడు. నొక్కుతున్నావా?" అవునంటే అంతే, ఇంకో మాట లేదు.

ఇదే నియమం ఆటగాళ్ల పాత్రలకూ వర్తిస్తుందని ముందే చెప్పాను. ఈ షరతు లేకపోతే మొదటిది వట్టి దౌర్జన్యం. రెండేళ్లలో మా బల్ల మీద తుపాకీ కణత దాకా వెళ్లింది మూడు సార్లు. పేలింది ఒక్కసారే, అదీ మావాళ్లే కాల్చారు. ఆ రోజు ఆట గంట ముందే ముగిసింది. ఎవరూ కోపంగా లేరు, ఎవరికీ ఇంకా ఆడాలనిపించలేదు, అంతే. మిగతా రెండుసార్లూ ఖైదీ మాట్లాడాడు, మావాళ్లూ మాట్లాడారు. కణత మీద గొట్టం ఉండగా జరిగిన ఆ బేరసారాలంత మంచి సంభాషణలు నా ఆటలో ఇంకెప్పుడూ రాలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. శనివారాలు స్నేహితులతో ఈ ఆటే. గది బయటికి "కాల్చెయ్, చంపెయ్" అని వినబడుతుంటే భయంగా ఉంది. మాన్పించమంటారా?
– ఒక తల్లి, విజయవాడ

మాన్పించవద్దమ్మా. తలుపు తీసి ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. ఒక గంట చాలు. "కాల్చెయ్" అన్నవాడే తర్వాతి పావుగంట గాయపడినవాడికి కట్టు కట్టడానికి గుడ్డ ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం మీరు చూస్తారు. 1980లలో అమెరికాలోనూ తల్లిదండ్రులు ఈ ఆటంటే హడలిపోయారు. ఆ రోజుల్లో ఆడిన పిల్లలు ఇప్పుడు తాతలవుతున్నారు, తమ మనవల పక్కన కూర్చుని పాచికలు వేస్తున్నారు.

మీ భయాన్ని కొట్టిపారేస్తున్నానని మాత్రం అనుకోకండి. నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను.

మా బల్ల దగ్గర ఒకాయన ఉన్నారు, నాకన్నా ఆరేళ్లు పెద్ద. తెలంగాణలో ఒక అడవి అంచు పల్లెలో పెరిగారు. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం నేను మంచి ఊపులో ఉన్నాను. అర్ధరాత్రి, పల్లె, తుపాకీ మడమతో ఎవరో తలుపు కొడుతున్నారు. బల్ల మీద పిడికిలితో మూడుసార్లు కొట్టి, "తలుపు తియ్" అన్నాను గొంతు మార్చి. ఆయన మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లారు. రాలేదు. నేను వెళ్లి చూస్తే ఖాళీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. "మా ఇంటి తలుపు రెండు పక్షాలవాళ్లూ కొట్టారు మాస్టారూ. ఎవరు కొట్టినా చప్పుడు ఒకటే" అన్నారు. అంతకన్నా ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ మర్నాటినుంచి ఒక అట్టముక్క మీద పెద్ద ఇంటూ గుర్తు గీసి బల్ల మధ్యలో పెడుతున్నాను. ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే ఆ దృశ్యం అక్కడితో ఆగిపోతుంది. ఎందుకని అడగకూడదు. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, చాలా దేశాల్లో ఆటగాళ్లు వాడుతున్నదే. నేను వినీ పట్టించుకోలేదు, సున్నితం ఎక్కువైనవాళ్ల వ్యవహారం అనుకున్నాను. కత్తులూ మంత్రాలూ మనకు కథలోవి. తుపాకీ కొందరికి గుమ్మం దాకా వచ్చి వెళ్లింది. మీ అబ్బాయిని అడగండి, వాళ్ల బల్ల మీద అలాంటి అట్టముక్క ఉందా అని. లేకపోతే ఒకటి గీసివ్వండి.

ఆయన మరుసటి ఆదివారం వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. ఆయన పాత్ర తుపాకీ ముట్టదు. వల విసురుతుంది.

ప్రశ్న: మంత్రాలు, రాకెట్లు, తుపాకులు అన్నీ ఒకే గంగాళంలో వేస్తే కలగాపులగం కాదా? ఏదో ఒకటి పెట్టుకోరాదా?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

అయ్యా, ఈ ఆట పుట్టుకే కలగాపులగం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది 1974లో. దాన్ని పుట్టించిన ఇద్దరిలో రెండో ఆయన డేవ్ ఆర్నెసన్. 1975లో ఆయన బ్లాక్‌మూర్ పుస్తకంలో అచ్చయిన కప్పల గుడి కథలో ప్రధాన పూజారి వేరే లోకం నుంచి యంత్రాలతో దిగినవాడు. మరుసటి ఏడాదే గైగాక్స్ ఒక పోటీలో కొండల్లో కూలిన ఆకాశనౌకలోకి కత్తివీరులను పంపారు. అదే 1980లో పుస్తకంగా వచ్చింది. నేను మినియాపొలిస్‌లో తొమ్మిదేళ్లు కంప్యూటర్ ఉద్యోగం చేశాను. ఆర్నెసన్ ఆడిన ఊళ్లు అవే. అక్కడ ఒక ముసలాయన బల్ల దగ్గర ఈ ఆట నేర్చుకున్నాను. మంత్రగాడు ఎందుకు, కిరణాల తుపాకీ ఎందుకు అని ఆయన్ను అడిగితే, నా వైపు జాలిగా చూసి పాచికలు చేతిలో పెట్టాడు.

గంగాళం మాట మీరే అన్నారు గనక, పులిహోరలో పల్లీలు వేసేవాళ్లను మనం ఏమీ అనడం లేదు కదా.

ప్రశ్న: మా ఆటలో తుపాకీ ఎవరూ ఎరగని వింత వస్తువు. అయినా దొరికిన మరు నిమిషంలో గురిపెట్టి కాల్చేస్తున్నారు. పాత్రకు తెలియదు, ఆటగాడికి తెలుసు. ఏం చేయాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డాలస్

తుపాకీ అన్న మాట మీ నోట రానివ్వకండి. తప్పంతా అక్కడే.

పైన చెప్పిన 1980 నాటి పుస్తకంతో ఒక బొమ్మల పుస్తకం కూడా ఇచ్చారు. గేమ్ మాస్టర్ పేరు చెప్పకుండా బొమ్మ చూపిస్తాడు. వస్తువును ఎలా వాడాలో తెలుసుకోవడానికి ఒక దారుల పటం ఉంటుంది, పాచిక పడ్డకొద్దీ ఒక గడి నుంచి ఇంకో గడికి. అందులో కొన్ని గడులు వాడకం తెలియడం దగ్గర ముగుస్తాయి, కొన్ని ప్రమాదం దగ్గర.

నాకు బొమ్మలు వేయడం రాదు. కిందటి వేసవిలో ఇలా చెప్పాను. "చేపంత బరువు. చల్లగా ఉంది, ఎండలో పెట్టినా వేడెక్కడం లేదు. ఒక చివర నీ చిటికెన వేలు పట్టేంత బెజ్జం. రెండో చివర పిడికిలికి సరిపోయేలా వంపు. వంపు దగ్గర గాలంలాంటి కొక్కెం, వేలు పెడితే కొంచెం కదులుతుంది." దాన్ని మొదట తాళం అనుకున్నారు. తర్వాత పిల్లనగ్రోవి. ఊదారు కూడా. వల విసిరే ఆయన తూకపు రాయి అన్నారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "బెజ్జంలో ఏముందో చూస్తాను" అన్నాడు.

"కన్ను పెట్టి చూస్తావా?"

"ఆఁ."

"చెయ్యి ఎక్కడుంది?"

"వంపు దగ్గర. జారిపోకుండా కొక్కెంలో వేలు పెట్టి పట్టుకున్నాను."

బల్ల దగ్గర ఒక్కసారిగా నిశ్శబ్దం. నలుగురు పెద్దవాళ్లకూ అర్థమైపోయింది, వాడికి కాలేదు. పాత్రలకు తెలియనిది నోరు జారి చెప్పకూడదన్నది మా నియమం. ఒకాయన రెండు చేతులతో నోరు మూసుకున్నారు. నేను వాడికి పాచిక ఇచ్చాను. పదికి పైన పడితే వేలు కదలదు.

పదకొండు పడింది.

ఆ తర్వాత ఎవరో దాన్ని మెల్లగా వాడి చేతిలోంచి తీసుకుని గుడ్డలో చుట్టారు. నెలన్నర పాటు ఆ గుడ్డ విప్పలేదు.

ప్రశ్న: మీ బల్ల దగ్గర కుర్చీ ఖాళీ ఉందా?
– పాఠకురాలు, కాకినాడ

ప్రస్తుతానికి లేదండీ. ఉన్న అయిదుగురికే మా భోజనాల బల్ల ఇరుకు. శ్రావణమాసం తర్వాత ఒకరు ఉద్యోగం బదిలీ మీద వెళుతున్నారు, అప్పుడు రాయండి. వచ్చేటప్పుడు ఒక గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకోండి. మా ఆవిడ లెక్కపెట్టి ఇచ్చిన నలభైలో ముప్పై ఏడే తిరిగి వచ్చాయి. సోఫా కింద ఎంత వెతికినా మిగతా మూడూ దొరకలేదు.